బ్లౌజ్ ప్యాటర్న్ ఒకసారి గీసి వంద మందికి అమ్మడం ఎలా?

మిషన్ మీద కూర్చుంటే రోజుకు ఎన్ని బ్లౌజులు కుట్టగలం? లైనింగ్, పైపింగ్ పెట్టి అయితే నాలుగు. చెయ్యి బాగా తిరిగినవాళ్లు ఐదు కుడతారు. నడుము పట్టేసిన రోజు అదీ ఉండదు. మన పని మన ఒంటికి కట్టేసి ఉంది కాబట్టి సంపాదన కూడా అక్కడే ఆగిపోతుంది. నేను పదహారేళ్లు అలాగే కుట్టాను. ఇప్పటికీ కుడుతున్నాను. కాకపోతే ఇంటి ఖర్చులో సగం ఇప్పుడు నేను గీసి పెట్టిన బ్లౌజ్ ప్యాటర్న్‌ల, అంటే గుడ్డ మీద పరిచి గీసుకునే పేపర్ కటింగ్‌ల, పీడీఎఫ్‌ల నుంచి వస్తోంది. ఒకసారి గీసిన ఫైల్‌ని ఎంతమంది కొన్నా మళ్లీ గీయక్కర్లేదు.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. షాపులో ఒక బ్లౌజు పాడైతే ఒక గుడ్డ పోతుంది. ప్యాటర్న్‌లో గీత తప్పితే, కొన్న ప్రతి ఇంట్లో ఒక గుడ్డ పోతుంది. అందుకే అమ్మడం కంటే సరిచూసుకోవడం గురించి ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను. మీది కుట్టుపని కాకపోయినా, లెక్కల నోట్స్ అయినా, సంగీత పాఠాలయినా ఈ వరుసే పనికొస్తుంది. నాకు బాగా తెలిసిన పనితో చెబుతాను.

1. ఆల్టరేషన్ సంచి తెరవండి

బ్లౌజ్ కటింగ్ నేర్పే తెలుగు చానళ్లు ఇప్పటికే చాలా ఉన్నాయి. వాళ్లలాగే అన్నీ నేర్పుతానంటూ మొదలుపెడితే మిమ్మల్ని ప్రత్యేకంగా ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఒక్క ఇబ్బందిని ఎంచుకోండి. దాన్ని ఎక్కడ వెతకాలో తెలియకపోతే, వేరే చోట కుట్టించుకుని సరిచేయమని మీ దగ్గరికి తెచ్చే బ్లౌజులు చూడండి. ముప్పై బ్లౌజులకు ఏం తేడా వచ్చిందో ఒక పుస్తకంలో రాయండి. భుజం జారడం, చంక దగ్గర ముడత, వెనక మెడ లేచి నిలబడటం, ముందు హుక్కుల దగ్గర గ్యాప్. వీటిలో ఎక్కువసార్లు వచ్చిందే మీ సబ్జెక్టు.

నా పుస్తకంలో చంక ముడతే ఎక్కువగా కనిపించింది. అందులోనూ 38 సైజు దాటినవాళ్లకే ఎక్కువ. దాంతో నా మొదటి ఇరవై వీడియోలూ దాని మీదే చేశాను. ఒకే విషయం మీద అన్ని వీడియోలా అని ఇంట్లోవాళ్లు అడిగారు. కానీ ఆ సమస్యతో బాధపడేవాళ్లకు ఒక వీడియో దొరికితే మిగతా పందొమ్మిదీ చూస్తారు.

2. ఫోన్‌తో వీడియో తీయండి, కానీ టేపు మీద అంకె కనబడాలి

కెమెరా కొనకండి. ఫోన్‌ని టేబుల్‌కి నిటారుగా పైన పెట్టే స్టాండు, కాలర్‌కి తగిలించే చిన్న మైక్ చాలు. మాట్లాడేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి. లేత రంగు గుడ్డ మీద ముదురు చాక్ వాడండి. మనం చూపించే ప్రతి కొలత దగ్గరా టేపు మీది అంకె స్పష్టంగా కనబడాలి. "ఇక్కడ కొద్దిగా లోపలికి తీసుకోండి" అనే మాట మన నోటికి అలవాటు. చూసేవాళ్లకు ఆ కొద్దిగా అంటే పావు అంగుళమా, అర అంగుళమా తెలియదు. అంకె చెప్పండి.

మొదటి పది పదిహేను సెకన్లలో మీ పరిచయం వద్దు. ముడత పడిన బ్లౌజు, పక్కనే సరిచేసిన బ్లౌజు చూపించండి. ఎందుకు ఆగి చూడాలో వాళ్లకు ఆ రెండిటిలోనే తెలిసిపోతుంది.

టైటిల్‌ని కస్టమర్ మాటల్లో రాయండి. "ఆర్మ్‌హోల్ కరెక్షన్" అని మనం అంటాం. ఆవిడ మాత్రం "చంక దగ్గర ముడతలు ఎందుకు వస్తాయి" అని వెతుకుతుంది. మనవాళ్లలో చాలామంది తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తారు కాబట్టి టైటిల్‌లో తెలుగు లిపితో పాటు ఆ రూపం కూడా ఉండనివ్వండి. వెనకాల సినిమా పాటలు వేయకండి. పాట హక్కులు ఉన్న కంపెనీ క్లెయిమ్ చేస్తే ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు వాళ్లకు వెళ్లిపోవచ్చు.

ఆ ప్రకటనల డబ్బు మీద ఎలాగూ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడిచిన 12 నెలల్లో 4000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ గానీ ఉండాలి. ప్యాటర్న్ అమ్మడానికి ఈ షరతు ఏదీ అడ్డు కాదు. మూడొందల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నా, వాళ్లంతా నిజంగా మిషన్ తొక్కేవాళ్లయితే ముప్పై మంది కొనొచ్చు. షార్ట్స్ కొత్తవాళ్లను తెస్తాయి. కొనేవాళ్లు మాత్రం పెద్ద వీడియో చివరిదాకా చూసినవాళ్లలోంచే వస్తారని నా అనుభవం.

3. ప్రశ్నల పుస్తకం పెట్టండి

ప్రతి కామెంటుకూ జవాబివ్వండి. ఇచ్చాక ఆ ప్రశ్నను పుస్తకంలో రాసి, మళ్లీ అదే వచ్చినప్పుడల్లా పక్కన ఒక గీత గీయండి. "అక్కా, 40 సైజుకి కూడా ఇదే లెక్కా?", "అక్కా, క్రాస్ కట్‌కి (గుడ్డను ఏటవాలుగా పెట్టి కత్తిరించే మోడల్) ఎలా?", "మేడమ్, పేపర్ కటింగ్ పంపిస్తారా?" ఆ మూడో ప్రశ్న పక్కన నలభై గీతలు వచ్చాక నాకు అర్థమైంది, వీళ్లకు కావలసింది పాఠం కాదని. లెక్క వేసుకునే టైమ్ లేదు, తప్పుతుందేమోనని టెన్షన్. గుడ్డ మీద పరిచి గీసుకునే కాగితం కావాలి. నేను మొదట కోర్సు పెట్టాలనుకున్నాను. ఆ గీతలు చూసి మానుకున్నాను.

4. వాళ్లను వాట్సాప్‌కి రమ్మనండి

వీడియో ఎవరికి చూపించాలో యూట్యూబ్ నిర్ణయిస్తుంది. రేపు చూపించకపోతే మనం చేయగలిగింది లేదు. అందుకే ఇష్టపడి వచ్చేవాళ్లను మనం నేరుగా పలకరించగలిగే చోటికి పిలవాలి. మనవాళ్లకు మెయిల్ చూసే అలవాటు తక్కువ. వాట్సాప్ అయితే తెల్లారగానే తెరుస్తారు.

ఊరికే రమ్మంటే రారు, చేతిలో ఏదైనా పెట్టాలి. నేను ఒక పేజీ షీటు ఉచితంగా ఇచ్చాను. ఆది జాకెట్టు నుంచి పన్నెండు కొలతలు ఎలా తీయాలో బొమ్మలతో చూపించే షీటు అది. కావలసినవాళ్లు "కొలతలు" అని మెసేజ్ పెడితే పంపుతాను. పంపేటప్పుడే అడుగుతాను, కొత్త ప్యాటర్న్ వచ్చినప్పుడు చెప్పమంటారా అని. సరే అన్నవాళ్లకే చెబుతాను.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. అందరినీ కలిపి గ్రూపు పెడతారు. గ్రూపులో 1024 మంది దాకా పడతారు, నిజమే. కానీ గ్రూపులో ప్రతి ఒక్కరి నంబరూ అందరికీ కనిపిస్తుంది. మన దగ్గర నేర్చుకునేది ఎక్కువగా ఆడవాళ్లు. ఎవడో ఒకడు చేరి అందరికీ పర్సనల్ మెసేజ్‌లు పెట్టాడంటే, మనల్ని నమ్మి నంబరు ఇచ్చినవాళ్లకు మనమే ఇబ్బంది తెచ్చినట్టు. వాట్సాప్ చానల్ పెట్టండి. అందులో చేరినవాళ్లకు ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు కూడా వాడొచ్చు గానీ, ఒక్కో లిస్టుకు 256 మందే, పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ అందుతుంది. షాపు కోసం వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. రోజూ వచ్చే ప్రశ్నలకు జవాబులు అందులో ముందే రాసి పెట్టుకోవచ్చు.

5. గీయకముందే అమ్మి చూడండి

"బాగుంది అక్కా, పెట్టండి" అన్న మాట నమ్మి మూడు నెలలు కూర్చుని పది సైజులు గీయకండి. ఒక్క సైజు, ఒక్క మోడల్ ప్రకటించండి. "38 సైజు, క్రాస్ కట్, మోచేతి వరకు చేతులు. మూడు వారాల్లో ఇస్తాను. ఇప్పుడు బుక్ చేసుకునేవాళ్లకు సగం ధర. ఇరవై మంది రాకపోతే ఎవరి డబ్బు వాళ్లకు వెనక్కి పంపేస్తాను." ఇరవై మంది డబ్బు కట్టారంటే గీయండి. ఐదుగురే వస్తే అదే రోజు డబ్బు తిరిగి పంపి, ఎందుకు రాలేదో ప్రశ్నల పుస్తకంలో వెతకండి. ఇచ్చిన తేదీ మాత్రం దాటకూడదు.

6. గీయడం, ప్రింటు, పరీక్ష

అసలు కష్టం ఇక్కడుంది. కాగితం మీద గీసిన ప్యాటర్న్‌ని ఫొటో తీసి పంపితే కుదరదు. ఫొటోలో కొలత నిలవదు. కంప్యూటర్‌లో అసలు కొలతకే గీయాలి. సీమ్లీ2డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బట్టల ప్యాటర్న్‌ల కోసమే ఉంది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ కూడా ఉచితమే. నాకు రెండోది తేలిగ్గా వచ్చింది. నేర్చుకోవడానికి నెలన్నర పట్టింది. మీకు ఓపిక లేకపోతే డీటీపీ చేసే పిల్లల్లో డ్రాయింగ్ తెలిసినవాళ్లకు డబ్బిచ్చి చేయించండి, పక్కన టేపుతో మీరే కూర్చోండి.

ఏ4 కాగితం 21 సెంటీమీటర్లు, 29.7 సెంటీమీటర్లు. బ్లౌజు వీపు ముక్క అందులో పట్టదు. కాబట్టి ప్యాటర్న్‌ని పేజీలుగా విడగొట్టి, అతికించుకోవడానికి ప్రతి పేజీ అంచున గుర్తులు, నంబర్లు వేయాలి. ప్రతి ముక్క మీదా రాయాల్సినవి: సైజు, ముక్క పేరు, ఎన్ని కత్తిరించాలి, మడత ఏ వైపు, గుడ్డ నిలువు ఎటు, కుట్టు మార్జిన్ (కుట్టు కోసం అంచున వదిలే గుడ్డ) కలిపామా లేదా. ఈ చివరిది రాయకపోతే సగం మంది మళ్లీ మార్జిన్ కలిపేస్తారు, బ్లౌజు వదులైపోతుంది.

ప్రింటు సంగతి ఇంకా ముఖ్యం. నెట్ సెంటర్లో అబ్బాయి మామూలుగా పేజీకి సరిపడేలా కుదించి ప్రింటు తీస్తాడు. 4 శాతం తగ్గిందనుకోండి, 36 అంగుళాల చెస్ట్‌లో దాదాపు అంగుళంన్నర పోతుంది. ఆ బ్లౌజుకి హుక్కు పడదు. అందుకే మొదటి పేజీలో కొలత చూసుకునే ఒక గడి గీయాలి. నేను మొదట 1 అంగుళం గడి పెట్టాను. 4 శాతం తేడా ఆ గడిలో ఒక మిల్లీమీటరే కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. ఇప్పుడు 4 అంగుళాల గడి పెడుతున్నాను. తేడా ఉంటే టేపు పెట్టగానే తెలుస్తుంది. "ముందు ఈ ఒక్క పేజీ ప్రింటు తీయించండి. గడి 4 అంగుళాలు రాకపోతే మిగతా పేజీలు తీయకండి. ప్రింటర్‌లో 100 శాతం అని పెట్టమని అడగండి" అని అదే పేజీ మీద పెద్ద అక్షరాల్లో రాశాను. చాలామంది ఆ పేజీని నెట్ సెంటర్ అబ్బాయికే చూపిస్తున్నారు.

ఇక పరీక్ష. మీరు కుట్టి చూసుకోవడం పరీక్ష కాదు. మీ చెయ్యి తప్పును తెలియకుండానే సరిచేస్తుంది. ఆ సైజు ఉన్న ఐదుగురిని ఎంచుకోండి, వాళ్లలో ఇద్దరైనా కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఉండాలి. పాత కాటన్ గుడ్డ మీద కుట్టమనండి. ముందు, వెనక, పక్క నుంచి, చెయ్యి పైకెత్తి ఫొటోలు పంపమనండి. గుడ్డ ఖర్చు మీరే ఇవ్వండి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి పరీక్ష అయ్యాక 40 సైజులో చంక లోతు పావు అంగుళం దించాను. చంక రౌండు మారినప్పుడు బ్లౌజు చేతి ముక్క పై వంపు కూడా దానికి తగ్గట్టు పెంచాలి. మిషన్ మీద అయితే ఆ సంగతి ఎప్పటికీ మర్చిపోను. ఫైల్‌లో మర్చిపోయాను. చిన్న మార్పే కదా అని మళ్లీ ఎవరితోనూ కుట్టించలేదు. అప్పటికే ముప్పై నాలుగు మంది కొన్నారు. వాళ్లలో ఒకామె కూతురి ఓణీల ఫంక్షన్‌కి కొన్న పట్టుచీర జాకెట్టు గుడ్డ కత్తిరించేసింది. చెయ్యి చంకకు చాలలేదు. చీరలో వచ్చిన గుడ్డ, మళ్లీ దొరకదు. ఫోన్‌లో ఆమె తిట్టలేదు, ఏడ్చింది. ఆ రాత్రే అందరికీ మెసేజ్ పెట్టాను, కత్తిరించకండి అని. అందరి డబ్బూ తిరిగి ఇచ్చాను. ఆమెకు చంక కింద అంచు ముక్కతో అతుకు ఎలా వేయాలో వీడియో కాల్‌లో దగ్గరుండి చూపించాను. ఫంక్షన్ గడిచింది. కానీ అది అతుకు జాకెట్టే. అప్పటినుంచి గీత ఎంత చిన్నది మార్చినా, మళ్లీ ఇద్దరు కుట్టాకే ఫైల్ బయటికి వెళ్తుంది.

7. ధర, డబ్బు, ఫైల్ పంపడం

మొదటి ధర నేను ఇలా ఆలోచించి పెట్టాను: తప్పు కటింగ్ వల్ల ఒక గుడ్డ పాడైతే ఆమెకు ఎంత నష్టం? దానికంటే బాగా తక్కువ ఉండాలి. ఒక్క సైజు 149 రూపాయలు, అన్ని సైజులూ కలిపి 699. షాపులు నడిపేవాళ్లు అన్ని సైజుల సెట్ తీసుకుంటారు, ఇంట్లో కుట్టుకునేవాళ్లు ఒకటే తీసుకుంటారు. 29 రూపాయలకు ఇవ్వాలనే ఆలోచన రానివ్వకండి. కొన్నవాళ్లు సందేహాలు అడుగుతారు, జవాబు చెప్పే మీ సమయం కూడా ఆ ధరలోంచే రావాలి.

మొదటి యాభై మందికి యూపీఐ చాలు. ఒక్క జాగ్రత్త. వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ చూసి ఫైల్ పంపకండి, దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేయడం చాలా తేలిక. మీ యాప్‌లోనో, బ్యాంకు ఖాతాలోనో డబ్బు పడిందని చూసుకున్నాకే పంపండి. అమ్మకాలు పెరిగాక పేమెంట్ గేట్‌వే పేజీ పెట్టుకుంటే, డబ్బు కట్టగానే ఫైల్ లింకు దానంతట అదే వెళ్లేలా చేసుకోవచ్చు. గేట్‌వేలు మామూలుగా 2 శాతం దాకా తీసుకుంటాయి, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. 149 రూపాయల మీద మూడున్నర రూపాయలు. రాత్రి పదకొండింటికి లేచి లింకు పంపే పని తప్పుతుంది కాబట్టి నాకు అది ఖర్చు అనిపించలేదు.

ఫైల్‌ని ఒకరు ఇంకొకరికి పంపరా అంటే, పంపుతారు. ప్రతి పేజీ అడుగున కొన్నవారి పేరు, ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు ముద్రించండి. ఆపైన దాని వెంట పడకండి. అక్కచెల్లెళ్లు పంచుకుంటే పంచుకోనివ్వండి. ఎవరైనా మీ ఫైల్ పెట్టి అమ్ముతుంటే మాత్రం ఊరుకోవద్దు, ఆ యాప్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఇవ్వండి. మీరు కూడా ఇంకొకరి పీడీఎఫ్ చూసి గీయకండి. వాళ్ల తప్పులు కూడా అందులో వచ్చేస్తాయి.

8. ఎప్పుడు విడుదల చేయాలి

శ్రావణంలో పెట్టకండి. వరలక్ష్మీవ్రతం, పెళ్లిళ్లు, టైలర్‌కి తినడానికి తీరిక ఉండదు, కొత్తది ప్రయత్నించే ధైర్యం అంతకన్నా ఉండదు. ఆషాఢం మొదటి పక్షం మంచిది. ముహూర్తాలు ఉండవు, చేతిలో పని తక్కువ, రాబోయే రద్దీకి సిద్ధమవ్వాలన్న ఆలోచన ఉంటుంది. అలాగే సంక్రాంతి పండగ అయిపోయిన వారం. మూఢం వచ్చిన నెలలు క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టుకోండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా అడుగుతారు. అమెరికాలో బ్లౌజు కుట్టించుకోవడం ఖరీదు కాబట్టి చాలామంది ఇంట్లోనే మిషన్ పెట్టుకుంటున్నారు. వాళ్లకు వేరే ఫైల్ కావాలి. అక్కడ ఏ4 ఉండదు, 8.5 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు ఉండే లెటర్ కాగితం ఉంటుంది. ఏ4 ఫైల్ దాని మీద 100 శాతంతో తీస్తే కింద అంచు తెగిపోతుంది, అతికించే గుర్తులు పోతాయి. డబ్బు కోసం విదేశీ కార్డులు తీసుకునే గేట్‌వే గానీ పేపాల్ గానీ పెట్టుకోవాలి.

9. లెక్కలు

ప్యాటర్న్‌ల డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. డౌన్‌లోడ్ చేసుకునే ఫైల్ అమ్మడం జీఎస్టీ దృష్టిలో సేవ కిందికి వస్తుంది, పన్ను 18 శాతం. సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే మన రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. షాపులో వచ్చే కుట్టుకూలి కూడా అదే పాన్ కింద ఉంటే రెండూ కలిపే చూస్తారని మర్చిపోకండి. ఆ దరిదాపుల్లోకి రాకముందే, ఏడాదికి ఒకసారైనా ఒక అకౌంటెంట్‌ని కలవండి.

10. కొన్న తర్వాత

సందేహాలకు టైమ్ పెట్టండి. నేను మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు జవాబిస్తానని చానల్ పైనే రాసి పెట్టాను. "సరిగ్గా రాలేదు అక్కా" అని ఎవరైనా అంటే ముందు మూడు ఫొటోలు అడగండి: టేపు పెట్టిన 4 అంగుళాల గడి, అతికించిన ప్యాటర్న్, వేసుకున్న బ్లౌజు. ఎక్కువసార్లు గడిలోనే తేడా దొరుకుతుంది. గడి సరిగ్గా ఉండి కూడా బ్లౌజు రాలేదంటే తప్పు మనదే అనుకుని మొదలుపెట్టండి. అదే తేడా ఇద్దరికి వస్తే అమ్మకం ఆపి, ఫైల్ తెరవండి.

ఫైల్ పేరు చివర వెర్షన్ నంబరు, తేదీ ఉంచండి. సరిచేసిన ప్రతిసారీ పాతవాళ్లందరికీ కొత్తది ఉచితంగా పంపండి, ఏం మారిందో ఒక వాక్యంలో చెప్పండి. నా 38 సైజు ఇప్పుడు నాలుగో వెర్షన్‌లో ఉంది. పోయిన వారం ఇద్దరు దాదాపు ఒకేలాంటి ఫొటోలు పంపారు, మోచెయ్యి వంచితే చెయ్యి అంచు పట్టేస్తోందని. అంచు దగ్గర పావు అంగుళం పెంచి ఐదోది గీశాను. ఇద్దరికి పాత కాటన్ గుడ్డ మీద కుట్టమని పంపాను, వాళ్ల ఫొటోలు ఇంకా రావాలి.